నీళ్ళు తగ్గని డ్రమ్ము

“ఎవరు పోశారో ఇప్పుడే చెప్పేస్తే బాగుంటుంది,” అంది కోడలు.

ఆమె అరచేతిలో చచ్చిన రొయ్య ఉంది. గోరంత ఉంటుంది. బతికున్నప్పుడు మిరప్పండులా ఉండేది. ఇప్పుడు వెలిసిపోయిన గులాబీ రంగులోకి తిరిగింది.

హాల్లో ముగ్గురున్నారు. ముగ్గురూ ఆ అరచేతిని తప్ప మిగతా అన్నిటినీ చూస్తున్నారు.

మామగారు ఫ్యాను వైపు చూస్తున్నారు. అత్తగారు ఒళ్ళో తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతున్నారు. భర్త నేల మీద కూర్చుని సూట్‌కేసు జిప్పుతో కుస్తీ పడుతున్నాడు.

“ఏం పోశారని?” అన్నాడు భర్త, తల ఎత్తకుండా.

“నీళ్ళు.”

“రొయ్యల తొట్టిలో నీళ్ళు పోయక పెట్రోలు పోస్తారా?”

“కుళాయి నీళ్ళు పోయడం, పెట్రోలు పోయడం వాటికి ఒకటే! ఎన్నిసార్లు చెప్పాలి?”

చాలాసార్లు చెప్పిందని అందరికీ తెలుసు.

హాలు గోడ పొడుగునా ఇనప స్టాండు. దాని మీద పైన మూడు, కింద మూడు గాజు తొట్లు. వాటిలో గాలికీ వేడికీ రోజూ కొంత నీరు ఆవిరవుతుంది. పోయేది నీరు మాత్రమే, అందులోని ఉప్పులు అక్కడే ఉండిపోతాయి. కాబట్టి తగ్గినంత మేర ఉప్పుల్లేని ఫిల్టరు నీళ్ళే పోయాలి. కుళాయి నీళ్ళు పోస్తే ఉప్పు మీద ఉప్పు పేరుకుంటుంది. రొయ్య పాత పెంకు వదల్లేక, అందులోనే ఇరుక్కుని చస్తుంది.

ఈ సంగతి కోడలు కాపురానికి వచ్చిన దగ్గర్నించీ చెబుతూనే ఉంది. ఇంట్లోవాళ్ళు తలలు ఊపుతూనే ఉన్నారు.

“ఇదిగో చూడండి.” ఆమె జేబులోంచి పెన్నులాంటి పరికరం తీసింది. నీళ్ళలో ముంచితే ఎంత ఉప్పుందో అంకెల్లో చెబుతుంది. ఇంట్లో దాని పేరు ఉప్పు మీటరు. “పోయిన వారం ఉన్నదానికి ఇవాళ్టికి దాదాపు రెట్టింపు. ఒక్క తొట్టిలో కాదు, ఆరింటిలోనూ.”

“మీటరు పాడైందేమో,” అన్నాడు భర్త.

“మీటరు పాడవలేదు. మనిషెవరో పాడయ్యారు.”

మామగారు గొంతు సవరించుకున్నారు. “యంత్రం నడుస్తూనే ఉంది కదమ్మా. పచ్చలైటు వెలుగుతూనే ఉంది.”

నిజమే. స్టాండు పక్కన మామగారు బిగించిన పెట్టె మీద పచ్చలైటు నిక్షేపంగా వెలుగుతోంది.

ఆ యంత్రం మామగారు కట్టినది. ఉద్యోగమంతా లిఫ్టులు బాగుచేసిన మనిషి. స్టాండు కింద నీలం డ్రమ్ము నిండా ఫిల్టరు నీళ్ళు, అందులో ఒక చిన్న మోటారు, అక్కణ్ణించి ప్రతి తొట్టికీ ఒక సన్న గొట్టం. ఏ తొట్టిలో నీళ్ళు గీత కంటే తగ్గితే ఆ తొట్టిలో తేలే ఫ్లోటు కిందికి జారి, దాని గొట్టం తెరిచి మోటారును లేపుతుంది. నీళ్ళు గీత దాకా రాగానే ఆపేస్తుంది.

దాన్ని కట్టించింది కోడలే. రేపు పొద్దున రైలుకు ఆమె వెళ్ళిపోతోంది. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పని ఆమెది. మూడు నెలలు వేరే ఊళ్ళో ఉన్న పెద్ద ల్యాబులో శిక్షణ ముగించుకుని వస్తే, ఇక్కడ తెరవబోయే కొత్త శాఖ ఆమె చేతికిస్తారు. ఆమె వెళ్ళకపోతే, ఆమె చేతికింద పని నేర్చుకున్న అమ్మాయి వెళ్తుంది. తిరిగొచ్చాక ఆ అమ్మాయి చేతికింద ఈమె పని చేయాలి.

రొయ్యలు మూడు నెలలు వాటంతట అవి బతకాలి. లేదా ఆమె ఆగిపోవాలి.

“పచ్చలైటు సంగతి తర్వాత చూద్దాం మామయ్యా. ముందు ఇది చూడండి.” ఆమె డ్రమ్ము ముందు గొంతుక్కూర్చుంది. “ఫ్లోటుకు నత్త పట్టుకుని తొట్టి పొంగిన గొడవ అయ్యాక మీరు యంత్రం మళ్ళీ మొదలుపెట్టిన రోజున నేను డ్రమ్ముకు తెల్ల టేపు అంటించాను. నీళ్ళు ఎక్కడున్నాయో సరిగ్గా అక్కడ. ఇవాళ నీళ్ళెక్కడున్నాయి?”

మామగారు వంగలేదు. ఆయన మోకాళ్ళు అంత తొందరగా వంగవు. భర్త మెడ చాచి చూశాడు.

“టేపు దగ్గరే.”

“అంటే మన యంత్రం చుక్క ఖర్చు లేకుండా వారం నుంచి ఆరు తొట్లు నింపుతోంది. ఎడారి దేశాలకు అమ్ముకుందాం. ఏమంటారు?”

“మూతలు వేశాను కదా,” అన్నారు మామగారు. “గాజు మూతలు. ఆవిరి తగ్గుతుంది.”

“తగ్గుతుంది. ఆగిపోదు కదా! మూతలేస్తే ఉప్పెందుకు పెరుగుతుంది?”

మామగారు మళ్ళీ ఫ్యాను వైపు చూశారు.

కోడలు లేచి నిలబడింది. చచ్చిన రొయ్యను కాగితంలో చుట్టింది. పొద్దుటి నుంచి ఇది నాలుగోది.

“మీరు ఒకసారి లోపలికి రండి,” అంది భర్తతో.

ఆ ఇంట్లో ‘లోపలికి రండి’ అంటే ఏమిటో జిప్పుకు కూడా తెలిసినట్టుంది. అంతసేపు మొరాయించినది చటుక్కున మూసుకుంది.

*

పడగ్గది తలుపు వేసినా ఆ ఇంట్లో మాటలు ఆగవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకే ఇద్దరూ గొంతు తగ్గించి అరుచుకున్నారు.

“నేను వెళ్ళడం మీకు ఇష్టం లేదు.”

“లేదు.”

ఆమె ఆ జవాబు ఊహించలేదు.

“ఇష్టం లేదని నీ ముఖం మీదే చెప్పాను,” అన్నాడు. “ఆ కాగితం వచ్చిన రోజే చెప్పాను. మొన్న చెప్పాను, నిన్న చెప్పాను. ఇంత బాహాటంగా ఏడ్చేవాణ్ణి, చెంబు పట్టుకుని దొంగలా తొట్ల చుట్టూ తిరగాల్సిన ఖర్మ నాకేంటి?”

“రొయ్యలు చస్తే నేను ఆగిపోతానని.”

“నువ్వు ఆగిపోతే నాకేం ఒరుగుతుంది? మూడు నెలలు వెళ్ళలేదే అని ముప్ఫై ఏళ్ళు దెప్పుతావు. డిపోలో డ్యూటీలు వేసేవాణ్ణి నేను. ఏ బస్సు ఆపితే ఎక్కడ జనం పోగవుతారో ఆమాత్రం లెక్క తెలీదా?”

“అయితే వాటిని చూసుకుంటానని మనస్ఫూర్తిగా అనొచ్చుగా?”

“అన్నాను!”

“గడ్డి వేస్తానన్నారు.”

“అది జోకు!”

“నాకు నవ్వు రాలేదు.”

“నీకు ఈ మధ్య దేనికీ నవ్వు రావట్లేదు. నిద్రలో కూడా ‘ఫ్లోటు, ఫ్లోటు’ అంటున్నావు. పక్కన పడుకున్నవాణ్ణి, మునిగిపోతున్నానేమో అని నాకు మెలకువ వస్తోంది.”

ఆమె మంచం అంచున కూలబడింది.

“మరి ఎవరు పోస్తున్నారు?” అంది చివరికి. గొంతులో కోపం పోయి అలసట మిగిలింది.

“నాకు తెలీదు. ఒట్టు.” అతను కుర్చీ మీద పోగుపడ్డ ఆమె బట్టలు చేతుల్లోకి తీసుకున్నాడు. “వీటిని వాషింగ్ మిషన్లో వేసొస్తాను. ఇప్పుడు వేస్తే రాత్రికి ఆరతాయి. ఈ ఒక్క పనికైనా నా మీద కేసు పెట్టకు.”

తలుపు తీసేసరికి వసారాలో అత్తగారున్నారు. వింటున్నట్టు కాకుండా, అటువైపుగా ఏదో పనుండి వచ్చినట్టు నిలబడ్డారు.

“ఆ బట్టలెక్కడికి?”

“మిషన్లోకి.”

“వద్దు. ఇలా ఇయ్యి. నేను చేత్తో ఉతుకుతాను.”

“అమ్మా, వారం నుంచీ చేత్తోనే బాదుతున్నావు. మరి దాన్నేం చేద్దాం, షోకేసులో పెట్టుకుందామా? గొట్టం కూడా కొత్తది మెరిసిపోతోంది. నాన్న మార్చినట్టున్నారు.”

అత్తగారు బట్టల మీద చెయ్యి వేశారు. “చేతి అలవాటు పోకూడదని ఉతుకుతున్నాను. ఇయ్యమంటుంటే!”

“ఇన్ని జతలా? నువ్వు మంచాన పడితే నీక్కూడా గడ్డి వేయాల్సింది నేనే.” అతను బట్టలను గుండెకు హత్తుకుని తల్లిని దాటుకుంటూ వెనక్కి వెళ్ళిపోయాడు.

అత్తగారు రెండడుగులు వెనకే వేశారు. మూడో అడుగు వేసేలోపు హాల్లోంచి కేక వినిపించింది.

“మామయ్యా! ఇదేంటి?”

*

కోడలి చెయ్యి మోచేతి దాకా డ్రమ్ములో ఉంది.

మోటారు నడుస్తున్నప్పుడు పక్కనున్న నీళ్ళు కొంచెం వెచ్చబడాలి, చేతికి సన్నగా వణుకు తెలియాలి. ఆమె చేతికి ఏదీ తెలియలేదు. మోటారు చల్లగా, మూగగా ఉంది. దాని మీద సన్నటి పాచి కూడా పట్టింది.

ఆమె తీగ పట్టుకుని పైకి లాగింది. తీగ చాలా సులువుగా వచ్చింది. రాకూడనంత సులువుగా.

చివర నల్ల టేపు చుట్టి ఉంది. చక్కగా, నున్నగా, పని తెలిసిన చెయ్యి చుట్టిన చుట్టు.

“మోటారు తీగ కోసేసి ఉంది,” అంది. “పెట్టెలోకి వెళ్ళే తీగ ఇంకోటి ఉంది, అది తిన్నగా ప్లగ్గులోకి వెళ్తోంది. అది ఒక్క పచ్చలైటుకే. అంటే వారం నుంచీ ఇక్కడ నడుస్తున్నది లైటు!”



“మామయ్యా, ఇలా ఎవరు కోశారు?”

“టేపు చుట్టు చూస్తే తెలీడం లేదా?” అన్నారు ఆయన. చెడ్డపని ఒప్పుకుంటున్నా, పనితనం మీద మాట పడటం ఆయనకు ఇష్టం లేదు.

భర్త వెనక నుంచి వచ్చాడు. వెనక ఎక్కడో వాషింగ్ మిషనులోకి నీళ్ళు దిగుతున్న చప్పుడు మొదలైంది.

“లిఫ్టు ఆపి పని చేసేటప్పుడు,” అన్నారు మామగారు, “లోపల ఎవరైనా ఇరుక్కుంటే మేం మోటారు కరెంటు తీసేస్తాం గానీ లైటు మాత్రం ఆర్పం. లైటు ఆరిందా, తలుపులు బాదుతారు, అరుస్తారు. లైటు వెలుగుతుంటే ఎవడో చూసుకుంటున్నాడులే అని ఓపిక పడతారు.”

“అంటే నన్ను లిఫ్టులో పెట్టి తలుపేశారు.”

“రైలెక్కేదాకా.”

“ఎక్కాక?”

“నేనే పోసేవాణ్ణి. నువ్వు పోసినట్టే, ఈ డ్రమ్ము నీళ్ళే. రోజూ ఇంత. మూడు నెలలేగా.”

“ఈ మోకాళ్ళతోనా? పై వరసకు స్టూలెక్కాలి!”

“ఎక్కేవాణ్ణి.”

“ఎందుకు కోశారు? అది చెప్పండి ముందు! ఫ్లోటుకు నత్త పట్టుకుంది, ఒక్కసారి పొంగింది, మీరు పైన రెండో ఫ్లోటు పెట్టారు, అయిపోయింది. ఇంకేంటి భయం?”

మామగారి గొంతు చిన్నదైపోయింది.

“ఇన్నేళ్ళు లిఫ్టులు బాగుచేశాను. ఒక్క మనిషి మెట్లెక్కి వచ్చి నన్ను తిట్టాల్సిన అవసరం రాలేదు. ఆ రోజు ఆ టైలరమ్మ వచ్చింది.”

ఆ రోజు అందరికీ గుర్తుంది. పోయిన వారం మూడో తొట్టి పొంగిన పొద్దుట, కింద ఇంట్లో బట్టలు కుట్టే ఆవిడ తడిసిన పట్టుగుడ్డ చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. కప్పులోంచి కారిందని, ఎవరో పెళ్ళికి కుట్టే గుడ్డ పాడైపోయిందని ఆ భవనమంతా వినేలా అరిచింది. మామగారు మెట్ల మీదే నిలబడి చేతులు జోడించారు. ముఖం చెల్లక కిందికి దిగి చూడను కూడా లేదు.

“మళ్ళీ పొంగితే?” అన్నారు ఆయన. “నువ్వుండవు. వాడు డిపోలో ఉంటాడు. నేను నిద్రలో ఉంటాను. అందుకని కోసేశాను.”

కోడలి ముఖంలో కోపం ఉంది, కానీ దాన్ని ఎక్కడ దించాలో తెలియడం లేదు.

“సరే,” అంది. “తీగ కోశారు. మరి వారం నుంచీ తొట్లు నింపిందెవరు? మీరేనా?”

“నేను కాదు. నేను పోస్తే డ్రమ్ములోంచే తోడాలి కదా, టేపు దగ్గర ఎలా ఉంటాయి? రోజూ తెల్లారి లేచి చూసేవాణ్ణి. తగ్గనే లేదు. నా మూతలు అంత బాగా పని చేస్తున్నాయా అని ముచ్చట పడ్డాను.”

“మీరు పోయలేదు. ఈయన పోయలేదు. నేను పోయలేదు.”

మూడు తలలూ ఒక్కసారి వసారా వైపు తిరిగాయి.

అత్తగారు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ముఖం వెనకవైపుకు తిరిగి ఉంది. వాషింగ్ మిషను చప్పుడు వింటున్నట్టున్నారు.

“అత్తయ్యా?”

ఆవిడ ఉలిక్కిపడి ఇటు తిరిగారు.

“చెంబుతో కాదు,” అన్నారు. “జగ్గుతో.”

భర్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. భార్య చూసిన చూపుకు ఆ నవ్వు వచ్చిన దారినే వెనక్కి పోయింది.

“ఈయన కటింగ్ ప్లేయరు పట్టుకుని డ్రమ్ము దగ్గర కూర్చోవడం చూశాను,” అన్నారు అత్తగారు. “నాకు చెప్పకుండా ఈయన కోశారు. ఈయనకు చెప్పకుండా నేను పోశాను. నీళ్ళు తగ్గితే తోడతారు, స్టూలెక్కుతారు, దిగుతారు. ఏదో ఒక రోజు దిగడం మర్చిపోయి పడతారు. ఈయన లేవకముందే ఒక జగ్గుడు అటూ ఇటూ సర్దేశాను.”

“వంటింటి కుళాయి నీళ్ళా?”

“నీళ్ళు నీళ్ళేగా అమ్మా.”

“అయ్యో అత్తయ్యా! ఫిల్టరు నీళ్ళు మాత్రమే పోయాలని నేను చెప్పలేదా? మీరు తల ఊపలేదా?”

“ఊపాను. ఊపకపోతే నువ్వు మళ్ళీ మొదటినుంచీ చెబుతావు.”

కోడలు వెళ్ళి సూట్‌కేసు మీద కూర్చుంది. కూర్చోగానే జిప్పు మళ్ళీ విడిపోయింది.

*

తొట్లలో గాలి బుడగలు బుడబుడమంటున్నాయి. వెనక వాషింగ్ మిషను బట్టల్ని అటూ ఇటూ తిప్పుతోంది.

“నేను వెళ్ళను,” అంది కోడలు.

“వెళ్తావు,” అన్నారు అత్తగారు.

ఆ గొంతులో పదునుకు మామగారు కూడా తల తిప్పి చూశారు.

“ఎలా వెళ్ళమంటారు? ఒకరు యంత్రాన్ని చంపి లైటు వెలిగిస్తారు. ఇంకొకరు ఉప్పునీళ్ళు పోసి రొయ్యల్ని చంపుతారు. ఇద్దరూ నా మంచికే. ఎవర్ని తిట్టను? అక్కడికెళ్ళి ఫోను చేస్తే ‘అంతా బాగుందమ్మా’ అంటారు. నాకు ఎలా తెలుస్తుంది? ఈ ఇంట్లో నిజం చెప్పేది ఒక్క ఉప్పు మీటరు. దానికి ఫోను మాట్లాడటం రాదు.”

“నువ్వు ఆగిపోతే అది మా ఇద్దరి మెడకు చుట్టుకుంటుంది,” అన్నారు అత్తగారు. “ముఖ్యంగా ఈయన మెడకు. వారం నుంచి చూస్తున్నాను. ముద్ద సరిగ్గా దిగడం లేదు. మనిషి కిటికీ దగ్గర కూడా నిలబడటం లేదు, ఆ టైలరమ్మ పైకి చూస్తుందేమో అని. నావల్ల కావడం లేదు.”

ఆవిడ చెప్పాల్సినదాని కంటే ఒక్క మాట ఎక్కువ చెప్పినట్టు చటుక్కున ఆగిపోయారు. తువ్వాలు మళ్ళీ మడతపెట్టడం మొదలుపెట్టారు.

కోడలు మామగారి వైపు చూసింది. ఆయన చూపు నల్ల టేపు చుట్టిన తీగ చివర మీద ఉంది.

“మామయ్యా, ఆ తీగ కలపండి.”

“వద్దమ్మా.”

“అది నడిచింది ఎన్నాళ్ళు? మొదలుపెట్టిన మర్నాడే నత్త పట్టుకుంది. బాగుచేసి నడిపారు, ఆ సాయంత్రానికే కోసేశారు. రెండో ఫ్లోటు పని చేస్తుందో లేదో మీరు చూశారా?”

“చూడలేదు.”

“చూడకుండానే పనికిరాదని తేల్చేశారు. మీ లిఫ్టుల్ని ఇలాగే చూసేవారా?”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. మామగారు ముక్కుపుటాలు ఎగరేశారు.

“స్క్రూడ్రైవరు ఇలా ఇవ్వు,” అన్నారు కొడుకుతో. “నువ్వు ఏదీ ముట్టుకోకు. ఇవ్వడం వరకే.”

ఆ ఇంట్లో స్క్రూ తిప్పే హక్కు ఆయనొక్కరిదే. బల్బు మార్చాలన్నా, కుళాయి వాషరు వెయ్యాలన్నా ఆయనే. బయటి మనిషి వచ్చి ఏదైనా విప్పితే రెండ్రోజులు అలిగేవారు.

అత్తగారు మెల్లగా వసారాలోకి ఒక అడుగు వేశారు.

“ఎక్కడికి?” అన్నారు మామగారు. “ఇక్కడ చీకటిగా ఉంది. టార్చి పట్టుకో.”

“వాడు పట్టుకుంటాడు.”

“వాడు పట్టుకుంటే వెలుతురు గోడ మీద పడుతుంది. నువ్వు పట్టుకో.”

అత్తగారు వచ్చి టార్చి పట్టుకున్నారు.

ప్లగ్గు పీకి టేపు విప్పారు. తీగ చెక్కారు. కలిపారు. మళ్ళీ టేపు చుట్టారు, అదే నున్నని చుట్టు. ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాక మాత్రం ఆయన చెయ్యి సాకెట్టు ముందు ఆగిపోయింది.

కోడలు జగ్గు తీసుకుని మూడో తొట్టిలోంచి రెండుసార్లు నీళ్ళు తోడి బకెట్లో పోసింది. ఎలాగూ ఆ ఉప్పు తగ్గించాలి. నీళ్ళు గీత కిందికి దిగాయి. ఫ్లోటు జారి వేలాడింది.

“ఇక మీదే ఆలస్యం,” అంది.

ఆయన ప్లగ్గు పెట్టారు.

డ్రమ్ములో సన్నటి రొద. గొట్టం ఒక్కసారి వణికి, మూడో తొట్టిలోకి దారంలాంటి ధార వదిలింది. మిగతా ఐదు గొట్టాలూ కదల్లేదు. నీళ్ళు అంగుళం ఎక్కాయి. గీతకు చేరువయ్యాయి. అందరి మెడలూ ముందుకు సాగాయి. మామగారి పెదాలు కదులుతున్నాయి. అంతస్తులు లెక్కపెట్టుకుంటున్నట్టుంది.

రొద ఆగింది.

“ఆగింది,” అన్నారు మామగారు.

“ఆగింది,” అంది కోడలు.

“లిఫ్టు గుమ్మానికి ఆగినట్టు, వెంట్రుకవాసి తేడా లేకుండా ఆగింది,” అన్నాడు భర్త.

కోడలు మొదటి ఫ్లోటును వేలితో కిందికి నొక్కి పట్టింది, నత్త పట్టుకున్నట్టు. మోటారు మళ్ళీ లేచింది. నీళ్ళు గీత దాటాయి. పై అంచుకు ఇంకా అంగుళం ఉందనగా రెండో ఫ్లోటు లేచి, మోటారు టక్కున ఆగిపోయింది. ఒక్క చుక్క బయటికి రాలేదు.

మామగారు నుదురు తుడుచుకున్నారు. వారంలో మొదటిసారి ఆయన వీపు నిటారుగా అయింది. “మిగతా ఐదూ చూద్దాం,” అన్నారు. “నత్తల్ని కూడా పిలవండి, చూసిపోతాయి.”

కోడలికి నవ్వొచ్చింది. చాలా రోజులకు వచ్చింది గనక బయటికి రావడానికి కొంచెం ఇబ్బంది పడింది.

“వెళ్తాను,” అంది. “ఉప్పు కొంచెం కొంచెంగా దించే పని ఈయనకు నేర్పి వెళ్తాను.”

“గడ్డితో పాటు,” అన్నాడు భర్త.

వెనక వాషింగ్ మిషను గడగడమని మురికినీళ్ళు వదిలింది. అత్తగారి చేతిలో టార్చి ఊగింది.

“నేనొకసారి వెనక్కి వెళ్ళి...”

“సరిగ్గా పట్టుకో,” అన్నారు మామగారు. “నాలుగో తొట్టి.”

నాలుగు అయింది. ఐదు అయింది. ఆరో తొట్టి ఫ్లోటు దగ్గర ఆయన వంగి ఉండగా కాలింగ్ బెల్లు మోగింది. ఆ మోగడం మామూలుగా లేదు. నొక్కిన వేలు తీయడం లేదు.

*

భర్త తలుపు తీశాడు. గుమ్మంలో టైలరమ్మ. మెడలో కొలతల టేపు, చేతిలో నీళ్ళు కారుతున్న గుడ్డ.

“మళ్ళీ మొదలెట్టారా మీ రొయ్యల సంత! చీటీ రాసి అంటించమంటారా నా తలుపుకి, ఇక్కడ బట్టలు కుట్టి ఉచితంగా తడపబడును అని?”

మామగారు గోడ పట్టుకుని లేచారు. ఒక్క క్షణం క్రితం నిటారుగా ఉన్న వీపు మళ్ళీ వంగిపోయింది. చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి.

“నాదే తప్పు తల్లీ. ఇప్పుడే తీసేస్తాను. ఇంక ఈ యంత్రం...”

“ఆగండి మామయ్యా,” అంది కోడలు.

ఆమె స్టాండు కింద, డ్రమ్ము చుట్టూ, గోడ మూల దాకా అరచేత్తో నేలంతా తడిమింది. లేచి ఆ చెయ్యి అందరి ముందూ చాపింది. దుమ్ము తప్ప ఏమీ అంటలేదు. పొడి దుమ్ము.

“ఇక్కడ చుక్క పడలేదు. అత్తయ్య టార్చి పట్టుకుంటే నలుగురం కళ్ళప్పగించి చూస్తున్నాం.”

“మరి నా నెత్తిన పడ్డవి ఏంటి, పన్నీరా?”

“ఎక్కడ పడ్డాయి?”

“ఎక్కడేంటి? మొన్న పడ్డచోటే! నా కుట్టు మిషను మీద!”

మామగారి చేతులు విడిపోయాయి.

“మీ కుట్టు మిషను,” అన్నారు మెల్లగా, “ఏ గదిలో ఉంటుందమ్మా?”

వారం రోజుల్లో ఎవరూ అడగని ప్రశ్న అది. తిట్టిన ఆవిడ చెప్పలేదు, తిట్లు పడ్డ ఆయన దిగి చూడలేదు.

“వెనక గదిలో. వెలుతురు వచ్చేది అక్కడే కదా,” అంది టైలరమ్మ. అంది గానీ, ఎదురుగా గోడనానుకుని ఉన్న తొట్లను చూసి ఆవిడ గొంతు కూడా తగ్గింది. ఇది ముందు గది.

ఏదో అంతస్తులో లిఫ్టు ఆగిపోతే, చప్పుడును బట్టి ఏ అంతస్తో చెప్పగల చెవి మామగారిది. ఆయన వసారా వైపు తల ఒంచి విన్నారు. అక్కడ, టైలరమ్మ వెనక గదికి సరిగ్గా పైన, వాషింగ్ మిషను రెండో విడత నీళ్ళు పట్టుకుంటోంది.

“ఆ రోజు పొంగినప్పుడు ఇక్కడ నేల తుడిచిందెవరు?” అన్నారు.

“అమ్మే,” అన్నాడు కొడుకు.

“ఎన్ని నీళ్ళున్నాయి? బకెట్టుడున్నాయా?”

ఆ ప్రశ్న వెళ్ళాల్సిన మనిషి వైపు చూడటానికి ఎవరికీ మనసొప్పలేదు. నేల మీద టార్చి వెలుగు గుండ్రంగా పడి, సన్నగా వణుకుతోంది.

“ఆ కొత్త గొట్టం,” అన్నాడు కొడుకు, ఆలోచిస్తున్నట్టు, “వాషింగ్ మిషనుది... మీరు వేసింది కాదా నాన్నా?”

“ఏ గొట్టం? నేనేదీ విప్పలేదే,” అన్నారు మామగారు.

అత్తగారు టార్చి ఆర్పారు. దాన్ని డ్రమ్ము మూత మీద జాగ్రత్తగా, చప్పుడు కాకుండా పెట్టారు. ఎవరి ముఖమూ చూడకుండా వసారాలోంచి వెనక్కి నడిచారు.

కాసేపటికి అక్కడ స్విచ్చి టక్కుమంది. కోడలి ప్రయాణం బట్టలతో సహా వాషింగ్ మిషను సగంలో ఆగిపోయింది.

ఆపమని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.